వెనక కూర్చున్నవాడి మాట

గుండె జబ్బున్న మనిషి నడిపే బండి వెనక నేను చాలా ఏళ్ళు కూర్చున్నాను. ఇప్పుడు గుండె జబ్బున్న నేను బండి నడుపుతుంటే మా ఆవిడ వరాలు వెనక కూర్చుంటోంది. రెండు సీట్ల మీదా కూర్చుని చూసినవాణ్ణి గనక ఈ నాలుగు ముక్కలు రాయొచ్చనిపించింది.

నా పేరు నూకరాజు. నర్సీపట్నం దగ్గర ఒక పశువుల ఆసుపత్రిలో అటెండరుగా చేరాను, అటెండరుగానే రిటైరయ్యాను. కాబట్టి ప్రమోషన్ల సంగతి రాయడానికి నా దగ్గర ఏమీ లేదు. చదువు ఐదో తరగతి. కానీ ఏ ఊళ్ళో ఎవరింటి గేదె ఏ వానల్లో ఈనిందో అడగండి, దూడ రంగుతో సహా చెప్తాను. మొన్న ఆసుపత్రి వైపు వెళ్తే, కొత్తగా చేరిన కుర్రాళ్ళు టీ ఇప్పించి, "తాతా, మీ రోజుల్లో డ్యూటీ ఎలగుండీది?" అని అడిగారు. సూదులు ఉడకబెట్టడం, గొడ్డు కొమ్ములు పట్టుకోవడం, పేడ కడగడం అని చెప్పి వచ్చేశాను. ఇంటికొచ్చాక, అసలు ఉద్యోగం గురించి చెప్పనే లేదే అనిపించింది. నా ఉద్యోగంలో సగం బండి వెనక సీటు మీదే గడిచింది. నేను నేర్చుకున్నదంతా అక్కడే.

కిక్కు నాది, హ్యాండిల్ ఆయనది

మా డాక్టరు కామేశ్వరరావు గారు. కాకినాడ మనిషి. మాట మెత్తన, నడక జోరు. ఏ ఇంటికెళ్ళినా ముందు గొడ్డునే పలకరించేవారు. "ఏమ్మా, ఏమైంది?" అని దాని చెవి పట్టుకుని అడిగి, ఆ తర్వాతే రైతు వైపు తిరిగేవారు. నేను చాలామంది డాక్టర్ల దగ్గర పనిచేశాను. కొందరు మందు బాగా ఇచ్చేవారు, కొందరు కాగితాలు బాగా రాసేవారు. గొడ్డుతో మాట్లాడిన వాడు ఈయనొక్కడే.

మా దగ్గరికి వచ్చిన రెండో వేసవిలో ఆయనకు గుండెపోటు వచ్చింది. విశాఖపట్నం తీసుకెళ్ళారు. ఇప్పటిలా అందరికీ స్టెంట్లు వేసే రోజులు కావు, మందులిచ్చి పంపారు. ఇంటి దగ్గర విశ్రాంతి తీసుకుని, మళ్ళీ వెళ్ళి చూపించుకున్నాక, గుండె డాక్టరు బండి నడపడానికి ఒప్పుకున్నాడు. అయితే షరతులు పెట్టాడు. కిక్కు కొట్టకూడదు. ఆగిపోయిన బండి నెట్టకూడదు. మిట్టమధ్యాహ్నం ఎండలో, కడుపు నిండా తిన్నవెంటనే బయల్దేరకూడదు. ఒంటరిగా పోకూడదు. ఛాతీలో కాస్త పట్టేసినట్టున్నా ఉన్నచోటనే ఆగిపోవాలి. ఈ సంగతి మా పై అధికారికి కూడా చెప్పుకునే మళ్ళీ ఊళ్ళ మీద పడ్డారు.

అప్పటి బళ్ళకు బటన్ నొక్కితే స్టార్టయ్యే సౌకర్యం లేదు. మంచు పడిన పొద్దున అయితే ఒక పట్టాన అందుకునేది కాదు. నేను కిక్కు కొట్టి, బండి గొంతు సవరించుకున్నాక దిగి, హ్యాండిల్ ఆయనకు అప్పగించి, టీకా సీసాల ఐస్ డబ్బా ఒళ్ళో పెట్టుకుని వెనక ఎక్కేవాణ్ణి. నాకు సైకిల్ తప్ప ఏదీ నడపడం రాదు.

"ఏటి నూకరాజూ, బాబు కాలికి ముల్లు గుచ్చుకున్నాదేటి? రోజూ నువ్వే తన్నుతన్నావు?" అని టీకొట్టు దగ్గర నవ్వేవారు.

"బాబు తంతే బండి పారిపోద్దని నాను తంతన్నాన్రా" అనేవాణ్ణి.

ఊళ్ళలో ఎవరికీ అసలు సంగతి చెప్పొద్దన్నారు డాక్టరు గారు. పరువు కోసం అనుకున్నాను. అది కాదు.

"ఇక్కడి రైతులు మంచివాళ్ళు నూకరాజూ. అదే వచ్చిన చిక్కు. నాకు గుండె జబ్బని తెలిస్తే, పాపం ఆయన్ని కదపడం ఎందుకని కబురు పెట్టరు. ఊరుకుని కూర్చుంటే గేదె చచ్చిపోతుంది" అన్నారు.

ఆపమని ఎలా చెప్పాలి

వెనక కూర్చున్నవాడికి ముందున్నవాడి ముఖం కనబడదు. మెడ కనబడుతుంది. రోజూ చూసేవాడికి మెడ చాలా చెబుతుంది. ఎండ చెమట మెడంతా పడుతుంది. జబ్బు చెమట చల్లగాలి వేస్తున్నా చెవుల వెనక మొదలవుతుంది. భుజం ఒకవైపు వాలుతుంది. గేరు మార్చాల్సిన చోట మార్చరు. మాట్లాడుతున్న మనిషి మధ్యలో ఊరుకుంటాడు.

మొదటిసారి అది చూసింది రోలుగుంట రోడ్డులో. గొంతువాపు టీకాలకు వెళ్తున్నాం. చెవుల వెనక చెమట చూశాను. కానీ అటెండరు డాక్టరుని ఆపమనడమా? మా నాన్న పెద్దోళ్ళ ముందు కుర్చీలో కూర్చోవద్దని పెంచాడు నన్ను. నోరు రాలేదు.

"బాబూ, ఈ మామిడితోట సల్లగా ఉన్నాదండి" అన్నాను.

"అవును, కాపు బాగుంది" అన్నారు.

"టీ తాగుతారేటండి బాబూ?"

"టీకాలయ్యాక."

కల్వర్టు దాటగానే బండి ఊగి, మెల్లగా చెరకు చేను గట్టు మీదికి ఒరిగింది. నెమ్మదిగా పోతున్నాం గనక మాకేమీ కాలేదు. సీసాలు మాత్రం పగిలాయి. ఆయన గట్టు మీద చతికిలబడి నాలుక కింద మాత్ర పెట్టుకున్నారు. ఆ మాత్ర కూర్చునే వేసుకోవాలి, నిలబడి వేసుకుంటే కళ్ళు తిరిగి పడిపోతాం అని ఆవేళే చెప్పారు. నొప్పి సర్దుకున్నాక నా వైపు చూశారు.

"నువ్వు ముందే గమనించావు కదూ?"

"గమనించేనండి."

"మరి ఆపమనలేదేం?"

"మిమ్మల్ని ఆగమని నానెలగ సెప్తానండి బాబూ?"

ఆయన మాత్రల సీసా మూత బిగించి జేబులో పెట్టుకున్నారు. తర్వాత, "ఆసుపత్రిలో నేను నీ అధికారిని. బండి మీద నువ్వు నా అధికారివి. వెనక కూర్చున్నవాడు ఆపమంటే ముందున్నవాడు ఆపాలి. ఎందుకని అడక్కూడదు. ఇదీ మన రూలు. సరేనా?" అన్నారు.

"అలగనడానికి నోరు రాదండి."

"ఏ మాటయితే వస్తుంది?"

ఆలోచించాను. "ఒంటేలొస్తందని సెప్తానండి. ఆ మాటంటే కలెక్టరైనా ఆపాల గదండి."

ఛాతీ పట్టుకునే నవ్వారు. "సరే, అదే మాట" అన్నారు.

నాకు సుగరట

ఆ రోజు నుంచి నాకు ఒంటేలు జబ్బు పట్టుకుంది. దారిలో ఎంతమంది చూస్తున్నా, "బాబూ, ఒంటేలు" అనేవాణ్ణి. ఆయన విసుగు నటిస్తూ బండి ఆపేవారు. నేను ఏ తుప్ప వెనకాలో నిలబడి ఆకులు లెక్కపెట్టుకునేవాణ్ణి. ఆయన రాయి మీద కూర్చుని ఊపిరి తీసుకునేవారు.

ఊళ్ళవాళ్ళకు కళ్ళుంటాయి కదా. రావికమతం వైపు ఒక పల్లెలో సూరమ్మ అని ఉండేది. ఒక్క గేదె మీద ఇల్లు నడిపే మనిషి. ఆవిడ నన్ను పాక వెనక్కి పిలిచి, "ఓరి నాయినా, నీకు సుగరొచ్చినాదిరా. మా ఆయనకీ ఇలగే మొదలైనాది" అని నానబెట్టిన మెంతులు గుప్పెడు నోట్లో పోసింది. ఆ తర్వాత ఆ ఊరు ఎప్పుడు వెళ్ళినా మెంతులు సిద్ధం. ఇంకో ఊళ్ళో నేరేడు గింజల పొడి. ఒకచోట నాకు ఇవ్వాల్సిన పాయసం నా కళ్ళముందే పక్కవాడికిచ్చేశారు.

ఈ కబురు నర్సీపట్నం సంతలో వరాలు చెవిన పడింది. ఆ సాయంత్రం అన్నం పెట్టకుండా ఎదురుగా కూర్చుంది.

"నీకు సుగరట గదా. ఊరూ వాడా తెలుసు. పెళ్ళాన్ని, నాకు తెలీదు."

"సుగరూ లేదు, ఏటీ లేదే."

"మరి బండి దిగి తుప్పల్లోకెల్లి ఏటి సేస్తన్నావు?"

ఇంక తప్పక అంతా చెప్పాను. వరాలు విని, కంచం నా ముందుకు తోసి, "అయితే మెంతులు తిను. మానెస్తే అనుమానపడతారు" అంది. ఆ మాట ఆవిడ నోట మళ్ళీ ఎవరి దగ్గరా రాలేదు.

నీళ్ళ మాత్ర

ఇది మాత్రం గుండె జబ్బుతో బండి నడిపే ప్రతివాళ్ళూ వినాలి. పెద్ద చదువులవాళ్ళూ చేసే పొరపాటే ఇది.

డాక్టరు గారికి ఒంట్లో చేరిన నీరు పోవడానికి ఒక మాత్ర ఇచ్చారు. అది వేసుకుంటే ఊరికే ఒంటేలుకు వెళ్ళాలి. టీకాల రోజున నలుగురిలో తిరగాలి, ఊళ్ళో ఆడవాళ్ళుంటారు, మొహమాటం. అందుకని ఊళ్ళకెళ్ళే రోజుల్లో ఆయన ఆ మాత్ర మానేసేవారు. ఆ సీజనులో ఊళ్ళకెళ్ళని రోజేది?

కనిపెట్టింది వాళ్ళ ఇంటావిడ గారు. ఒక పొద్దున నేను కిక్కు కొడుతుంటే గుమ్మంలోంచి, "ఏమండీ, బూట్లు మానేసి చెప్పులెందుకు వేసుకుంటున్నారు?" అని అడిగారు. ఆయన గాలి ఆడ్డం లేదనో ఏదో అన్నారు. ఆవిడ వచ్చి పాదం మీద బొటనవేలితో నొక్కారు. తీసేశాక గుంట అలాగే ఉండిపోయింది.

"గేదె కాలు వాస్తే కనిపెడతారు మీరు" అన్నారావిడ. గట్టిగా కూడా అనలేదు.

ఆయన తల దించుకున్నారు. ఆవేళ బండి కదల్లేదు, ఇద్దర్నీ బస్సెక్కించి వచ్చాను. విశాఖపట్నం డాక్టరు, మాత్ర మానొద్దు, ప్రయాణాల రోజు ఏ వేళకు వేసుకోవాలో నన్నడగండి అన్నాడట. ఆ తర్వాత దారిలో ఇద్దరం దిగేవాళ్ళం. నేను ఉత్తుత్తికి, ఆయన నిజానికి. అందరూ మాత్రం నాకోసమే ఆగామనుకునేవారు.

సూరమ్మ గేదె

మామిడికాయలు ముదిరే రోజులు. సూరమ్మ కొడుకు సైకిలు మీద రొప్పుతూ వచ్చాడు. గేదె పొద్దుటి నుంచీ ముక్కుతోంది, దూడ కాలు ఒక్కటే బయటికొచ్చింది. అప్పుడే డాక్టరు గారి భోజనమైంది. ఎండ నిప్పులు చెరుగుతోంది. గుండె డాక్టరు వద్దన్నవాటిలో రెండు ఒక్కసారే. నేను ఆయన ముఖం వైపు చూశాను. ఆయన కిక్కు వైపు చూశారు. కొట్టాను.

సగం దారిలో చెవుల వెనక చెమట. భుజం వాలింది.

"బాబూ, ఒంటేలు."

"ఇంకో కిలోమీటరే నూకరాజూ."

"బాబూ, ఒంటేలండి."

"గేదె ఆగదు. ఓర్చుకో."

రూలు పెట్టిన మనిషే రూలు దాటాడు. పాతికేళ్ళ సర్వీసులో నేను పెద్దోళ్ళతో గట్టిగా మాట్లాడింది అప్పుడే. "ఒంటేలు కాదండి. మీకే బాగులేదు. బండాపండి" అన్నాను.

బండి పక్కకు తీసి ఆపేశారు. జీడిమామిడి తోట. చెట్టు కింద కూర్చోబెట్టి, గుండీలు విప్పి, మాత్ర నాలుక కింద పెట్టాను. తగ్గలేదు. ఇప్పుడైతే వెంటనే 108కి ఫోన్ చేస్తాం. అప్పుడు ఫోన్లెక్కడివి. నేను రోడ్డుకు అడ్డంగా చేతులు చాపి నిలబడి, జనంతో వస్తున్న జీపును ఆపాను. విషయం చెప్పగానే అందులోని వాళ్ళంతా మూటలతో సహా దిగిపోయారు. ఒక్కరు కూడా గొణగలేదు.

జీపులో ఆయన నా చెయ్యి పట్టుకుని, "సూరమ్మ గేదె…" అన్నారు.

"ఎనకాల సైకిలు మీదొచ్చిన కొడుకుని పక్క మండలం డాట్రు దగ్గరికి పంపీసేనండి. మీరు మాటాడకండి."

పక్క మండలం డాక్టరు వచ్చేసరికి సాయంత్రమైంది. గేదె దక్కింది, దూడ దక్కలేదు. మా డాక్టరు గారు దక్కారు. ఇంకో కిలోమీటరు పోయుంటే ఆయన హ్యాండిల్ మీదే వాలిపోయేవారని విశాఖపట్నంలో చెప్పారు. ఆ దూడ గుర్తొస్తే ఇప్పటికీ మనసు కలుక్కుమంటుంది. అయినా ఆవేళ ఆపమనడం తప్పని ఒక్కసారీ అనుకోలేదు.

ముందు మంచం, తర్వాత గొడ్డు

ఆయన తిరిగి డ్యూటీలో చేరేసరికి సంగతి ఊళ్ళన్నిటికీ తెలిసిపోయింది. ఆయన భయపడినట్టే అయింది. కబుర్లు ఆగిపోయాయి. పొద్దుటి నుంచీ ఆసుపత్రి వరండాలో ఈగలు తోలుకునేవాళ్ళం. ఒకరోజు సంతలో సూరమ్మ కనబడింది.

"నీకు సుగరు లేదట గదరా" అంది నన్ను.

"లేదమ్మా."

"ఎన్ని మెంతులు తినిపించేను. ఒక్క ముక్క సెప్పొద్దేటి?"

పక్కనున్న డాక్టరు గారు, "సూరమ్మా, మీ ఊళ్ళో ఒక్క గొడ్డుకీ జబ్బు చెయ్యడం లేదా? కబురే లేదు" అన్నారు.

"సేస్తంది బాబూ. అలగని మిమ్మల్ని సంపుకుంటామేటండి?"

"నేను రాకపోతే గొడ్డు పోతుంది. వస్తే నేను పోతానని మీ భయం. ఇక మీదట బండి నూకరాజు నడుపుతాడు, నేను వెనక కూర్చుని వస్తాను. అప్పుడైనా పిలుస్తారా?"

సూరమ్మ నన్ను కిందనుంచి పైదాకా చూసి, "ఈడికొచ్చేటి?" అంది.

నిజంగానే రాదు. సంత లేని రోజుల్లో ఆ ఖాళీ జాగాలోనే డాక్టరు గారు నాకు బండి నేర్పారు. నాకప్పటికే తల నెరుస్తోంది. సంతవాళ్ళు వదిలేసిన కూరగాయల తట్టలు రెండు తొక్కించాను, ఒక మేకను భయపెట్టాను. లైసెన్సు వచ్చాక మొదటిసారి ఆయన్ని ఎక్కించుకుని వెళ్తుంటే, కొంతదూరం పోయాక వెనక నుంచి సన్నగా గొంతు వినిపించింది. "నూకరాజూ… నాకు ఒంటేలు." వెంటనే ఆపాను. ఆయన గట్టు మీద కూర్చున్నారు. అందరికీ తెలిసిపోయినా, నేను అలవాటు కొద్దీ రోడ్డున పోయేవాళ్ళకు కనబడేలా నా పంచె సర్దుకున్నాను.

సూరమ్మ ఊళ్ళో ఒక ఆనవాయితీ మొదలైంది. మేము వెళ్ళేసరికి పాక ముందు నీడలో నులకమంచం, చెంబుతో నీళ్ళు. డాక్టరు బాబు ముందు మంచం మీద కూర్చోవాలి, నీళ్ళు తాగాలి, ఆ తర్వాతే గొడ్డు దగ్గరికి. గొడ్డు అరుస్తున్నా సరే. "గొడ్డు ఓపిక పడతాది, కూసోండి బాబూ" అనేవారు. మంచం సంగతి ఊరి నుంచి ఊరికి పాకింది. ఆయన రిటైరయ్యేదాకా ఆ మంచాలు అలాగే వేశారు. ఆ తర్వాత చాలా ఏళ్ళు బతికి, ఒక మధ్యాహ్నం ఇంట్లో నిద్రలోనే వెళ్ళిపోయారు.

ఇప్పుడు నా వంతు

నాకు స్టెంట్ వేశాక గుండె డాక్టరుని మొదట అడిగింది బండి గురించే. ఆయన కొన్నాళ్ళు ముట్టుకోవద్దన్నాడు, ముట్టుకోలేదు. చూసి సరేనన్నాక ఎక్కాను. మా వీధిలో ఒకాయన డిశ్చార్జి అయిన వారానికే పెళ్ళికి బండి మీద వెళ్ళాడు, మగతనమనుకున్నాడు. నేనలా అనుకోను. ఒకరి గుండె ఒకరికి రాదు. నాకిచ్చిన అనుమతి మీకు పనికిరాదు, మీది మీరు అడగండి.

కిక్కు బండి అమ్మేసి, బటన్ నొక్కితే స్టార్టయ్యే తేలికపాటి బండి కొన్నాను. పంచరైతే నెట్టను, అక్కడే వదిలేసి ఫోన్ చేస్తాను. రక్తం పలచబడే మందు వాడుతున్నాను, చిన్న దెబ్బకే రక్తం ఆగదు. అందుకని సంతకెళ్ళినా హెల్మెట్, కాళ్ళకు బూట్లు. మాత్రలు చొక్కా పై జేబులో ఉంటాయి, వెనకున్నవాళ్ళకు ఆ జేబు తెలుసు. నాలుక కింద మాత్ర వేసుకున్నాక నొప్పి పోయినా ఆ పూట హ్యాండిల్ ముట్టను. అయిదు నిమిషాల్లో తగ్గకపోతే 108. నీళ్ళ మాత్ర మానను. ముందు ఊరిదాకా పోయి ఆగుదాం అనుకోను. ఆ ముందు ఊరు జీడిమామిడి తోటకి కిలోమీటరు దూరంలో ఉంటుంది.

మొన్న ఒక శనివారం పొద్దున్నే ఉపమాక వెంకన్న దర్శనానికని నేనూ వరాలూ బయల్దేరాం. ఆవిడ కొబ్బరికాయల సంచీ పట్టుకుని వెనక కూర్చుంది. కోటవురట్ల దాటేదాకా ఏవో కబుర్లు చెప్పుకున్నాం. నాకు ఛాతీలో ఏమీ లేదు. ఎడమ దవడ మాత్రం కాస్త లాగుతోంది. రాత్రి తిన్న జంతికల పని అనుకుని ఊరుకున్నాను.

"ఆపయ్యా, ఒంటేలుకెల్లాల" అంది వరాలు.

"ఇంట్లో ఎల్లొచ్చినావు గదే."

"మల్లీ వచ్చినాది. ఆపు."

ఆపాను. ఆవిడ ఏ తుప్ప వైపూ వెళ్ళలేదు. కల్వర్టు గోడ మీద నన్ను కూర్చోబెట్టి, పైట చెంగుతో నా చెవుల వెనక తుడిచి, ఆ తడి నాకు చూపించింది. చల్లటి పొద్దు, ఎండ ఇంకా రానేలేదు. పై జేబులోంచి మాత్ర తీసింది. నోరు తెరిచాను. దవడ నొప్పి మెల్లగా దిగింది.

"దర్శనం…" అన్నాను.

"ఎంకన్న ఎక్కడికీ పోడు. బండి తాళం ఇలగియ్యి."

బండి పక్కనున్న టీకొట్టు ముందు పెట్టించి, ఆటో పిలిచి, నర్సీపట్నం ఆసుపత్రికి బయల్దేరాం. నేను వెనక్కి ఆనుకుని కూర్చున్నాను. ఆవిడ నా మెడ వైపే చూస్తోంది. పాతికేళ్ళ కిందట ఒక్కసారి చెప్పిన మాటను ఇన్నాళ్ళు దాచుకుని, ఈ పొద్దున తీసి వాడింది.

కొంతదూరం పోయాక ఆవిడే ముందుకు వంగి ఆటో అబ్బాయి భుజం తట్టింది.

"బాబూ, కాస్త ఆపు. ఈసారి నిజంగానే వస్తంది."